బీటైన్ డబ్బా కొనేముందు తెలుసుకోవలసినవి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. జిమ్‌లకు వెళ్లే యువత వాడే పొడుల గురించి మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం బీటైన్ విషయాన్ని ఒకే ఒక్క వాక్యంతో తేల్చేసింది. అది బీట్‌రూట్‌లో ఉండే సహజ పదార్థమనీ, కండకూ గుండెకూ మేలు చేస్తుందనీ చెప్పి ఊరుకుంది. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లిలోనూ బీటీఎం లేఅవుట్‌లోనూ ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కలా పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు పిల్లలు పొద్దున్నే మీ పత్రికను ఫోనులో చదువుతారు, సాయంత్రం జిమ్‌లో ఈ పొడుల గురించే మాట్లాడుకుంటారు. అలాంటివారికి ఆ ఒక్క వాక్యం చాలదు. చాలకపోవడమే కాదు, దాన్ని నమ్ముకుంటే కొందరికి నష్టం కూడా జరగవచ్చు. జీవరసాయన శాస్త్రాన్ని కళాశాలలో బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నేను, ఈ పదార్థం గురించి రూఢిగా చెప్పగలిగిన సంగతులను మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

బీటైన్ కొత్తగా కనిపెట్టిన వస్తువేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు చక్కెర తీసే బీట్ దుంపల రసం నుంచి దీన్ని వేరుచేశారు. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్‌కు మూడు మిథైల్ సమూహాలు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపులు) చేరితే బీటైన్ అవుతుంది. డబ్బాల మీద ట్రైమిథైల్‌గ్లైసిన్ అనీ టీఎంజీ అనీ కనిపించేది ఇదే. కోలీన్ అనే పోషకం నుంచి మన కాలేయమూ మూత్రపిండాలూ దీన్ని స్వయంగా తయారు చేసుకుంటాయి కనుక, విటమిన్ల మాదిరిగా ఇది తప్పనిసరిగా బయటి నుంచే అందవలసినది కాదు. ఒంట్లో దీనికి ముఖ్యంగా రెండు పనులున్నాయి. వేడి, ఉప్పు, నీటి కొరత వంటివి ఎదురైనప్పుడు కణంలోని నీరు బయటికి పోకుండా నిలిపి, అక్కడి ప్రొటీన్ల ఆకృతి చెడకుండా కాపాడడం ఒకటి. తన దగ్గరున్న మిథైల్ సమూహాల్లో ఒకదాన్ని హోమోసిస్టీన్‌కు (రక్తంలో ఎక్కువైతే గుండెజబ్బుల ముప్పుతో ముడిపెట్టే అమైనో ఆమ్లం ఇది) ఇచ్చి, దాన్ని తిరిగి ఒంటికి అవసరమైన మిథియోనైన్ అనే అమైనో ఆమ్లంగా మార్చడం రెండోది. డబ్బాల మీద కండ గురించి చెప్పే మాటలు చాలావరకు మొదటి పనిని, గుండె గురించి చెప్పే మాటలు రెండో పనిని ఆధారం చేసుకున్నవే.

భీమవరం వైపు రొయ్యల చెరువులు ఉన్నవారికీ, కోళ్ల ఫారాలు నడిపేవారికీ ఈ పేరు జిమ్ కుర్రాళ్ల కంటే ముందే తెలుసు. చెరువు నీటిలో ఉప్పు శాతం మారినప్పుడు రొయ్య తట్టుకోవడానికీ, మేత బాగా తినడానికీ బీటైన్ కలుపుతారు. వేసవిలో కోళ్లు వేడికి డస్సిపోకుండా దాణాలోనూ వేస్తారు. ఈ మాట ఇక్కడ ఎత్తడానికి కారణముంది. దాణా కోసం తయారయ్యే సరుకుకు శుద్ధి ప్రమాణాలు వేరు. పేరు ఒకటే కదా, కిలోల లెక్కన చవకగా దొరుకుతుంది కదా అని ఎవరూ ఊరి నుంచి తెప్పించుకొని మింగకూడదు.

ఇక ఆటల సంగతికి వస్తాను. ఈ విషయంలో జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం రోజుకు 2.5 గ్రాముల మోతాదుతో, దాన్ని రెండు పూటలుగా పంచి, రెండు వారాల నుంచి రెండు నెలల లోపు జరిగినవే. 2009లో అమెరికాలో, వ్యాయామం అలవాటున్న కాలేజీ యువకుల మీద 15 రోజుల పాటు జరిపిన ప్రయోగంలో, బీటైన్ తీసుకున్నవారు అలసిపోయేలోగా చేయగలిగిన స్క్వాట్ల (బరువుతో తీసే గుంజీల) సంఖ్య పెరిగింది, కానీ పడుకొని బరువెత్తే బెంచ్ ప్రెస్‌లో తేడా కనిపించలేదు. మరుసటి సంవత్సరం వెలువడిన ఇంకో ప్రయోగంలో చేతుల బలంలోనూ, పైకి దూకే శక్తిలోనూ కొంత మెరుగు కనిపించింది. 2013లో, ఏళ్ల తరబడి బరువులెత్తిన 23 మంది పురుషుల మీద ఆరు వారాల పాటు జరిగిన పరిశోధనను బీటైన్ అమ్మేవారు ఎక్కువగా చెబుతారు. అందులో బీటైన్ వాడినవారికి కొవ్వు కాని దేహభారం సుమారు 2.4 కిలోలు పెరగగా, వాడనివారికి 0.3 కిలోలు మాత్రమే పెరిగింది. వాడినవారిలో కొవ్వు తగ్గింది కూడా. అమ్మేవారు చెప్పనిది ఏమిటంటే, అదే పరిశోధనలో గరిష్ఠ బలం పెరగలేదు. 2018లో కాలేజీ అమ్మాయిల మీద జరిగిన ప్రయోగం కూడా అదే తేల్చింది: కొవ్వు కాస్త ఎక్కువ తగ్గింది, బలంలో తేడా లేదు.

బీటైన్ ఇచ్చే మిథైల్ సమూహంతో ఒంట్లో క్రియాటిన్ (కండరానికి తక్షణ శక్తినిచ్చే పదార్థం) ఎక్కువగా తయారవుతుంది కాబట్టి క్రియాటిన్ కొనే పని లేదని ట్రైనర్లు కొందరు చెబుతుంటారు. కాగితం మీద రాసుకుంటే ఆ చర్య సరైనదే. అయితే 2012లో బ్రెజిల్ పరిశోధకులు రోజుకు 2 గ్రాముల బీటైన్‌ను పది రోజుల పాటు ఇచ్చి, కండరంలో క్రియాటిన్ నిల్వ ఉండే రూపమైన ఫాస్ఫోక్రియాటిన్ నిల్వలను నేరుగా కొలిచి చూశారు. నిల్వలు పెరగలేదు, బలమూ పెరగలేదు. క్రియాటిన్ ఇచ్చినవారిలో మాత్రం నిల్వలు పెరిగాయి. దీర్ఘ దూరాల పరుగు విషయంలో ఆధారాలు ఇంకా పలచన. ఎండలో, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో పరుగెత్తినవారికి బీటైన్ కలిపిన పానీయం ఇచ్చి చూసిన 2008 నాటి ప్రయోగంలో, గణాంకపరంగా నిలబడే తేడా రాలేదు. కబ్బన్ పార్కులో తెల్లవారుజామునే పదికిలోమీటర్ల పోటీకి సాధన చేసే మన పిల్లలు ఇది గమనించాలి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో ప్రకటించిన ఏకాభిప్రాయ పత్రంలో, ఆటతీరును నేరుగా మెరుగుపరచగలవని తగిన ఆధారాలున్న అనుబంధాలుగా కెఫీన్, క్రియాటిన్, నైట్రేట్, బీటా ఎలనీన్, సోడియం బైకార్బొనేట్ ఉన్నాయి. బీటైన్ ఆ వరుసలో లేదు.

ఈ ప్రయోగాలు తప్పని నా ఉద్దేశం కాదు. అవి చిన్నవి, ఒక్కొక్కదానిలో పది పన్నెండు మంది నుంచి రెండు మూడు డజన్ల మంది వరకే ఉన్నారు, వాటిలో కొన్నిటికి బీటైన్ తయారు చేసే పరిశ్రమ నుంచే ఆర్థిక సహాయం అందింది. చక్కగా తిని, క్రమంగా బరువులెత్తే మనిషికి కొద్దిపాటి అదనపు లాభం ఉండవచ్చునని మాత్రమే వీటిని బట్టి న్యాయంగా చెప్పగలం. రాత్రి రెండింటికి పడుకొని, పొద్దున్నే బిస్కెట్లతో సరిపెట్టుకునే కుర్రాడికి ఆ పాటి లాభమూ దక్కదు.

మీ వ్యాసంలోని బీట్‌రూట్ ప్రస్తావనను కూడా సరిచేయాలి. పరుగు పందేలకు ముందు క్రీడాకారులు బీట్‌రూట్ రసం తాగడం నిజమే, దానికి మంచి ఆధారాలు ఉన్న మాటా నిజమే. కానీ ఆ ఫలితం రసంలోని నైట్రేట్ వల్ల వస్తుంది. నోటిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చగా, ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. బీటైన్‌కు ఇందులో పాత్ర లేదు. బీట్‌రూట్ రసం మీద జరిగిన ప్రయోగాలను చూపి బీటైన్ పొడి అమ్మడం న్యాయం కాదు.

మా వీధిలోని పీజీలో ఉండే కర్నూలు అబ్బాయి ఒకడు, "సార్, ఇది వేసుకోవచ్చా?" అంటూ తన డబ్బా తెచ్చి చూపించాడు. బీటైన్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కనుక, వానాకాలంలో మూత సరిగా పెట్టని ఆ డబ్బాలో పొడి గడ్డకట్టి, స్కూపు అందులో ఇరుక్కుపోయి ఉంది. గడ్డకట్టిన పొడిని స్కూపుతో కొలిస్తే మోతాదు ఏ రోజూ ఒకేలా ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు లేబుల్ మీద ఉంది. ఒక స్కూపులో బీటైన్ 1.25 గ్రాములు, దానితో పాటే కెఫీన్ 200 మిల్లీగ్రాములు. ప్రయోగాల్లో వాడిన 2.5 గ్రాముల బీటైన్ కావాలంటే రెండు స్కూపులు వేసుకోవాలని ఎవరో చెప్పగా అతను అలాగే చేస్తున్నాడు. అంటే జిమ్‌కు వెళ్లే ముందే 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఒంట్లోకి పోతోంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి అంతకు మించకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఒక్కసారికి 200 మిల్లీగ్రాములు దాటవద్దన్నది కూడా ఆ సంస్థే. ఈ అబ్బాయి దాని మీద ఆఫీసులో మూడు ఫిల్టర్ కాఫీలు తాగుతాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, గుండె దడగా ఉంటోందనీ చెప్పాడు. ఆ దడకు కారణం బీటైన్ అని అతను అనుకుంటున్నాడు; బీటైన్ కోసం తెలియకుండా రెట్టింపు చేసుకున్న కెఫీన్ అని నేను అనుకుంటున్నాను. ఇంకొన్ని డబ్బాల మీదైతే పది పదార్థాల పేర్లు వరుసగా రాసి, ప్రొప్రయిటరీ బ్లెండ్ అన్న పేరుతో అన్నిటికీ కలిపి ఒకే బరువు ఇస్తారు. అందులో బీటైన్ గ్రాము ఉందో, చిటికెడు ఉందో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

ఆరోగ్యం విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది హోమోసిస్టీన్ కథ. ఇప్పుడు కంపెనీలు ఉద్యోగులకు చేయించే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఈ పరీక్ష కూడా చేరింది. రిపోర్టులో అంకె ఎర్రగా కనిపించగానే టీఎంజీ మాత్రలు తెప్పించుకుంటున్నారు. బీటైన్ హోమోసిస్టీన్‌ను తగ్గిస్తుందన్నది నిజం, రోజుకు 1.5 గ్రాములు తీసుకుంటే హోమోసిస్టీన్ జీవక్రియ సక్రమంగా సాగడానికి తోడ్పడుతుందని చెప్పుకోవడానికి ఐరోపా సమాఖ్య అనుమతించింది కూడా. కానీ మన దేశంలో, అందునా శాకాహారుల్లో, హోమోసిస్టీన్ పెరగడానికి ఎక్కువగా కనిపించే కారణం బీ12 లోపం. బీ12, ఫోలేట్ (ఇదీ ఒక బీ విటమినే) తక్కువైతే హోమోసిస్టీన్‌ను మిథియోనైన్‌గా మార్చే ఇంకో దారి మూసుకుపోతుంది. అప్పుడు బీటైన్ వేసుకుంటే అది తన దారిలో ఆ అంకెను కొంత కిందికి దించుతుంది, రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, బీ12 లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు, జ్ఞాపకశక్తి తగ్గడం, రక్తహీనత, ఇవన్నీ ఆ లోపం తెచ్చిపెట్టేవి; ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. హోమోసిస్టీన్ ఎక్కువని తేలినవారు మొదట చేయించుకోవలసింది బీ12, ఫోలేట్ పరీక్షలు, కలవవలసింది డాక్టరును.

గుండె గురించి మరొక మాట. హోమోసిస్టీన్‌ను తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయని ఒకప్పుడు గట్టిగా ఆశించారు. 2006లో ప్రకటించిన రెండు పెద్ద పరిశోధనల్లో వేలమందికి ఫోలిక్ ఆమ్లం, బీ విటమిన్లు ఏళ్ల తరబడి ఇవ్వగా హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. పైగా బీటైన్‌తో ఎదురు సమస్య ఒకటుంది. రోజుకు 4 గ్రాములు దాటితే రక్తంలో కొలెస్టరాల్ గణనీయంగా పెరగవచ్చని వినియోగదారుడికి తెలియజేయాలన్నది ఐరోపా సమాఖ్య ఆ అనుమతితో పాటే పెట్టిన షరతు. ఇక్కడి డబ్బాల్లో నేను చూసినంతవరకు ఈ హెచ్చరిక ఎక్కడా లేదు. తండ్రికో మేనమామకో యాభై ఏళ్లకే స్టెంట్ వేసిన కుటుంబాల పిల్లలు, గుండెకు మంచిదని నమ్మి, రెట్టింపు మోతాదులో దీన్ని వాడుతూ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) పరీక్ష చేయించుకోకపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అదే ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో బీటైన్‌ను కొత్త ఆహార పదార్థంగా పరిశీలించి, మామూలు భోజనంలో వచ్చేది కాక అదనంగా కిలో దేహ బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల వరకు సురక్షితమని తేల్చింది. 70 కిలోల మనిషికి అది 420 మిల్లీగ్రాములు. జిమ్‌లో చెప్పే 2.5 గ్రాములు దానికి దాదాపు ఆరు రెట్లు. అంతమాత్రాన 2.5 గ్రాములు విషమని కాదు, ప్రయోగాల్లో ఆ మోతాదు తీసుకున్నవారికి కడుపులో ఇబ్బంది తప్ప పెద్ద హాని కనిపించలేదు. కాకపోతే, భద్రత గురించి నిపుణులు హామీ ఇచ్చిన పరిమాణం వేరు, మార్కెట్లో నడుస్తున్న పరిమాణం వేరు అన్నది కొనేవారికి తెలియాలి కదా.

మందుగా మాత్రం బీటైన్‌కు తిరుగులేని స్థానం ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయమవుతుంది. హోమోసిస్టీన్ ఒంట్లో విపరీతంగా పేరుకుపోయే హోమోసిస్టిన్యూరియా అనే అరుదైన జన్యులోపంతో పుట్టినవారికి దీన్ని మందుగా వాడడానికి అమెరికా ఔషధ సంస్థ 1996లో అనుమతి ఇచ్చింది. పెద్దలకు సాధారణంగా రోజుకు 6 గ్రాములు ఇస్తారు. అది కూడా రక్తంలో మిథియోనైన్ స్థాయిని కనిపెట్టుకుంటూ ఇస్తారు, ఎందుకంటే అది మరీ పెరిగితే కొందరిలో మెదడు వాపు వచ్చిన ఉదంతాలున్నాయి. వైద్యుడి పర్యవేక్షణలో రోగికిచ్చే 6 గ్రాములను చూపించి, అంత సురక్షితమైనది ఇంకొకటి లేదని ఆరోగ్యంగా ఉన్నవాడికి అమ్మడం సరికాదు.

కొనేటప్పుడు జరిగే ఇంకొక పొరపాటు బీటైన్ హైడ్రోక్లోరైడ్‌ది. ప్రయోగాల్లో వాడినది బీటైన్ అన్‌హైడ్రస్, అంటే నీరు కలవని ఒట్టి బీటైన్. హైడ్రోక్లోరైడ్ రూపంలో ఉన్నది కడుపులో ఆమ్లం పెంచడానికని అమ్మేది. పేరులో బీటైన్ ఉందని దాన్ని గ్రాముల కొద్దీ వేసుకుంటే, గ్యాస్ట్రైటిస్, అల్సర్ ఉన్నవారికి మంట, నొప్పి తప్పవు.

భోజనం ద్వారా ఎంత వస్తుందో చెప్పి ఈ భాగం ముగిస్తాను. వంద గ్రాముల గోధుమ తవుడులో సుమారు 1,300 మిల్లీగ్రాములు, పాలకూరలో సుమారు 600, రొయ్యల్లో సుమారు 200 మిల్లీగ్రాముల బీటైన్ ఉంటుంది. తెల్లటి వరి అన్నంలో దాదాపు లేనట్టే. పిండిని సన్నని జల్లెడ పట్టి తవుడు పశువులకు వేసే అలవాటు మానుకుంటే, చపాతీలోనే కొంత దొరుకుతుంది. బీటైన్ నీటిలో కరిగిపోతుంది కనుక ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది. మన పాలకూర పప్పులో ఆ నీరు పప్పులోనే ఉండిపోతుంది. ఇక్కడి కన్నడిగులు ఆకుకూర, పప్పు ఉడికించిన నీటితోనే బస్సారు చేసి రాగి ముద్దతో తింటారు. పీజీల్లో ఉండే మనవాళ్లు వారానికి రెండు మూడు పూటలు ఆ భోజనం వెతుక్కొని తింటే బీటైన్‌తో పాటు ఫోలేట్, పీచు, ఇనుము కూడా అందుతాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మాత్రం పాలకూర విషయంలో డాక్టరును అడగాలి, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ అందులో ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024 మే నెలలో విడుదలైన ఆహార మార్గదర్శకాలు, కండ పెంచడానికి ప్రొటీన్ పొడులనే వద్దన్నాయి. వాటి తరువాతి వరుసలో నిలిచే బీటైన్ గురించి తొందరపడవలసిన అవసరం ఎవరికీ లేదు.

కంఠీరవ స్టేడియంలో సాధన చేసే క్రీడాకారులకు ఒక మాట వేరుగా చెప్పాలి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో బీటైన్ లేదు. కానీ మీరు మింగేది ఒట్టి బీటైన్ కాదు, ఏదో ఒక కర్మాగారంలో ఇతర పొడులతో పాటు తయారైన మిశ్రమం. మన దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రకటించిన పరిశోధనలో దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద రాసిన ప్రొటీన్ లెక్క తప్పని తేలింది. లేబుల్ అంత నమ్మదగనిదైన చోట, డబ్బాలో నిషేధిత పదార్థం కలిసి ఉంటే ఆ బాధ్యత క్రీడాకారుడిదే అవుతుంది. తెలియక తీసుకున్నానన్న మాట శిక్షను కొంత తగ్గిస్తుందేమో గానీ, పరీక్షలో దొరికిన వాస్తవాన్ని చెరపదు.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. బీటైన్ ఉన్న ప్రతి డబ్బా మీద అది ఏ రూపంలో ఉందో, ఒక స్కూపుకు ఎన్ని గ్రాములో విడిగా రాయాలి. మిశ్రమం పేరుతో దాచకూడదు. కొలెస్టరాల్ హెచ్చరికను ఐరోపాలో మాదిరిగా ఇక్కడా తప్పనిసరి చేయాలి, అదీ చిన్నక్షరాల్లో కాకుండా తెలుగు, కన్నడం వంటి ప్రాంతీయ భాషల్లో. ఇక మీ ఆరోగ్య పేజీకి: తరువాతి వ్యాసం రాయించేటప్పుడు ఒక డాక్టరునూ, పొడుల వ్యాపారంతో సంబంధం లేని ఒక పోషకాహార నిపుణుడినీ సంప్రదించి, మోతాదు, కెఫీన్, కొలెస్టరాల్, బీ12 అన్న నాలుగు విషయాలకు చోటివ్వగలరని కోరుతున్నాను. వీలైతే ఆ వ్యాసం కింద, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారు ముందుగా ఏ పరీక్షలు చేయించుకోవాలో కూడా ప్రచురించండి.

ఇట్లు,
జీవరసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
మారతహళ్లి, బెంగళూరు